పిల్లలకు ‘అడిగొస్తాను’ అనడం నేర్పండి

మాది కోనసీమలో కాలవ గట్టు మీద ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్ని. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు నా దగ్గరుంటారు. వాళ్ళని పొద్దున్న దింపేదీ, ఇంటికి తీసుకెళ్ళేదీ ఎక్కువగా అమ్మమ్మలూ మామ్మలే. మా వైపు చాలా ఇళ్ళల్లో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది, తండ్రి ఇంకో ఊళ్ళో ఉంటాడు. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని చెప్పేవాళ్ళంతా ‘తల్లిదండ్రులారా’ అనే మొదలుపెడతారు. నేను మాత్రం ఆ అమ్మమ్మలూ, మామ్మలూ, తాతయ్యలూ నా ఎదురుగా కూర్చున్నారనుకునే రాస్తున్నాను.

ముందు మానాల్సినవి చెబుతాను. ‘అన్నం తినకపోతే బూచాడికిచ్చేస్తా’, ‘అల్లరి చేస్తే పోలీసుల్ని పిలుస్తా’, ‘గంగిరెద్దులవాడు సంచిలో వేసుకుపోతాడు’. ఈ మాటలు ఇవాళ్టి నుంచి ఇంట్లో వినపడకూడదు. బూచాడంటే పిల్లల మనసులో ఎర్రకళ్ళు, పెద్ద మీసాలు, భుజాన గోనెసంచి. నిజంగా పిల్లని ఏమార్చే మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని, నవ్వుతూ, పేరు పెట్టి పిలుస్తూ వస్తాడు. బూచాడు అలా ఉండడు కదా అని పిల్ల నమ్మేస్తుంది. ఇక పోలీసు పేరుతో బెదిరించడం మరీ ఘోరం. రేపు తీర్థంలో తప్పిపోతే ఆ పిల్ల వెళ్ళాల్సింది కానిస్టేబుల్ దగ్గరికే. మనమేమో ఖాకీ బట్టలు కనపడితే దాక్కోవాలని ఏళ్ళ తరబడి నేర్పాం.

ఇంకో సంగతి కూడా ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు తిరిగి, దేశంలో చాలా చోట్ల ఏ పాపం ఎరగనివాళ్ళని జనం కొట్టి చంపారు. మన తెలుగువాళ్ళ ఊళ్ళల్లోనూ అమాయకులు దెబ్బలు తిన్నారు. హరిదాసు, స్టీలు సామాన్లవాళ్ళు, పాత ఇనుం కొనేవాళ్ళు, ఎక్కడి నుంచో మన చెరువుల మీద పనికొచ్చిన కూలీలు, వీళ్ళెవరూ దొంగలు కారు. వాళ్ళని చూసి వణికిపోయే పిల్లల్ని తయారుచెయ్యడం నాకిష్టం లేదు, దానివల్ల పిల్లలకి ఒరిగేదీ లేదు.

మరి నేర్పాల్సిందేంటంటే, ఒకే ఒక్క మాట. ‘అడిగొస్తాను.’

ఎవరైనా సరే, తెలిసినవాళ్ళైనా తెలియనివాళ్ళైనా, రమ్మన్నా, బండెక్కమన్నా, ఏదైనా ఇచ్చినా, లోపలికి పిలిచినా, పిల్ల నోటి నుంచి ముందు రావాల్సిన మాట అది. అని, ఇంట్లో తనను చూసుకునే మనిషి దగ్గరికి వెనక్కి రావాలి. పక్కింటి మావయ్య పిలిచినా అంతే, సొంత బాబాయి బండి మీద తిప్పుతానన్నా అంతే. నాలుగేళ్ళ పిల్లని ‘మంచివాళ్ళెవరో చెడ్డవాళ్ళెవరో చూసుకో’ అంటే ఎలా చూసుకుంటుంది? మనకే తెలియడం లేదు. కానీ వెళ్ళే ముందు అడగడం అనే అలవాటు మూడేళ్ళ పిల్లకి కూడా పట్టుబడుతుంది. కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం ఆ వయసులోనే కదా అలవాటయింది.

తెలిసినవాళ్ళని కూడా ఎందుకు కలిపానో చెబుతాను. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చూస్తే, పిల్లలపై అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు ఆ పిల్లకి ముందే తెలిసినవాళ్ళు. ఇంట్లోవాళ్ళు, చుట్టాలు, ఇరుగుపొరుగు, చదువు చెప్పేవాళ్ళు, బండి నడిపేవాళ్ళు. ‘తెలియనివాళ్ళతో వెళ్ళకు’ అని మాత్రమే నేర్పితే, తలుపు వేసి కిటికీలన్నీ తెరిచిపెట్టినట్టే.

ఈ అలవాటుకి పెద్దవాళ్ళ వైపు నుంచి ఒక షరతుంది. పిల్ల ‘అడిగొస్తాను’ అని వచ్చినప్పుడు విసుక్కోకూడదు. ‘మీ పెదనాన్నే కదే, నన్ను అడిగేదేంటి, పో’ అన్నారంటే ఆ రోజుతో అలవాటు పోయినట్టే. చేతిలో పని ఆపి, పిల్ల మొహం చూసి, ‘మంచి పని చేశావమ్మా, వెళ్ళు’ అనో ‘ఇప్పుడొద్దు’ అనో చెప్పండి. చుట్టాలు చిన్నబుచ్చుకుంటారేమోనని అమ్మమ్మలు భయపడతారు. వాళ్ళకి ముందే చెప్పండి, ‘మా ఇంట్లో పద్ధతండి ఇది, ఎవరొచ్చినా అంతే’ అని. మంచి మనిషైతే ఇంకా మెచ్చుకుంటాడు. ‘నేనేమన్నా దొంగనా’ అని పదే పదే గొడవపడే మనిషి మీద మాత్రం ఓ కన్నేసి ఉంచండి.

చెబితే వచ్చే విద్య కాదిది, ఆడించాలి. మా సెంటర్లో ఎలా ఆడిస్తామో చెబుతాను, మీరు ఇంటి అరుగు మీద ఆడించుకోవచ్చు. మా ఆయా హెల్మెట్ పెట్టుకుని గుమ్మం బయట నిలబడుతుంది. ఒక్కొక్క పిల్లనీ పిలుస్తుంది. ‘చిన్నీ, చాక్లెట్ తింటావా?’ పిల్లలు మొదట నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒక బాబు ‘అడిగొస్తాను’ అని ఎంత గట్టిగా అన్నాడో, అంటూనే రెండడుగులు ముందుకేసి చాక్లెట్ అందుకున్నాడు. చాక్లెట్ గుప్పిట్లో పట్టుకుని అడగడానికి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు! మాట వచ్చింది గానీ, అప్పటికే మనిషి చేతికి అందేంత దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నుంచి వరస మార్చాం. ముందు కాళ్ళు, తర్వాత నోరు. పిలుపు వినగానే మూడడుగులు వెనక్కి వెయ్యాలి, ఆ తర్వాతే ‘అడిగొస్తాను’ అనాలి. పిల్లలు ఆ మూడడుగులూ పైకి లెక్కపెడుతూ వేస్తారు. వాళ్ళకది ఆట, కానీ ఆ దూరంలో చెయ్యి పట్టుకుని లాగడం అంత తేలిక కాదు.

చాక్లెట్ ఒక్కటే ఆడిస్తే చాలదు. ఎరలు చాలా రకాలు, అన్నీ ఒక్కొక్కటిగా ఆడించాలి. ‘మా కుక్కపిల్ల తప్పిపోయింది, వెతుకుదాం రా.’ ‘ఫోన్లో గేమ్ ఉంది, ఆడతావా?’ ‘ఈ అడ్రస్ ఎక్కడో చూపించు, బండెక్కు.’ ఈ ఆఖరిదానికి పిల్లలకి నేను చెప్పేదేంటంటే, పెద్దవాళ్ళకి దారి కావాలంటే పెద్దవాళ్ళనే అడుగుతారు, పిల్లల్ని అడగరు. ఎవరైనా అడిగితే చేత్తో కొట్టు చూపించి, ‘అక్కడడగండి’ అని వచ్చెయ్యాలి. సాయం చెయ్యడం మంచి గుణమే, పెద్దవాళ్ళకి సాయం పెద్దవాళ్ళు చేస్తారు.

అన్నిటికంటే మా పిల్లలు పడిపోయే ఎర వేరే ఉంది. ‘మీ అమ్మ కువైట్ నుంచి బొమ్మలు పంపింది, మా ఇంట్లో ఉన్నాయి, రా.’ ఈ ఆట ఆడించిన రోజు, అంతకుముందు ఒక్కసారి కూడా తప్పని పిల్ల కూడా గబుక్కున లేచి నిలబడింది. తల్లిని చూసి రెండేళ్ళయిన పిల్లకి ఆ మాట ముందు ఏ జాగ్రత్తా గుర్తుండదు. ఊళ్ళో ఎవరి తల్లి ఎక్కడుందో అందరికీ తెలుసు, కాబట్టి ఆ మాట ఎవరైనా అనగలరు. అందుకని వీడియో కాల్‌లో తల్లి చేతే చెప్పించండి. ‘బంగారూ, నేనేం పంపినా అమ్మమ్మకే ముందు చెబుతాను. అమ్మమ్మకి చెప్పకుండా ఎవరిచేతా పంపను’ అని. తల్లి నోటి నుంచి వినడం వేరు, మనం చెప్పడం వేరు. ‘మీ తాతయ్యకి యాక్సిడెంటయింది, ఆస్పత్రికి తీసుకెళ్తా రా’ అనే దానికీ ఇదే మందు. అలాంటిదేదైనా జరిగితే ఎవరొస్తారో ముందే చెప్పి ఉంచాలి.

దానికోసం ఇంటికొక గుట్టు మాట పెట్టుకోండి. ఆ మాట పిల్లనే ఎంచుకోనివ్వండి, అప్పుడు మర్చిపోదు. పూతరేకు, పనసతొన, ఉడతపిల్ల, ఏదైనా సరే. దేవుడి పేరూ, పిల్ల ముద్దుపేరూ వద్దు, అవి ఎవరికైనా తడతాయి. అనుకోకుండా వేరే మనిషిని పంపాల్సొస్తే ఆ మాట చెప్పి పంపుతాం. అది చెప్పకపోతే స్వయానా మేనమామైనా సరే, పిల్ల టీచర్ దగ్గరే ఉండాలి. ఒకసారి వాడాక మాట మార్చెయ్యండి. మా సెంటర్లో ఒక పుస్తకం ఉంది, ప్రతి పిల్లనీ ఎవరెవరు తీసుకెళ్ళొచ్చో అందులో రాసి ఉంటుంది. పేరు లేని మనిషొస్తే ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాకే పంపుతాను. మీ పిల్ల వెళ్ళే బడిలో ఇలాంటిది లేకపోతే పెట్టమని గట్టిగా అడగండి.

ఎవరైనా చెయ్యి పట్టుకుని లాగితే? ఏడుపు ఒక్కటే చాలదు. గట్టు మీద పోయేవాళ్ళు ‘తండ్రీ కూతురూ, మారాం చేస్తోంది’ అనుకుని వెళ్ళిపోతారు. మాటలతో అరవాలి. ‘ఈయన మా నాన్న కాదు! నాకు తెలీదు! రండి!’ సెంటర్లో పిల్లలందరి చేతా దీన్ని గొంతు చించుకుని అరిపిస్తాం, ఇరుగుపొరుగుకి ముందే చెప్పి. సిగ్గుపడే పిల్లలు ఉంటారు. వాళ్ళకి ఎక్కువసార్లు కావాలి. కూలబడిపోయి సైకిల్నో, స్తంభాన్నో, దారిన పోయేవాళ్ళ కాళ్ళనో వాటేసుకోవాలి. కొరికినా గిల్లినా ఆ ఒక్కసారికి తప్పు లేదని కూడా చెప్పండి, పెద్దవాళ్ళ మీద చెయ్యెత్తకూడదని మనమే చెప్పి ఉంటాం కాబట్టి.

పరుగెత్తడం గురించి మన డెల్టాలో విడిగా చెప్పాలి. వేరే చోట ‘పరుగెత్తు’ అంటే చాలేమో. ఇక్కడ రోడ్డుకి ఒక పక్క కాలవ, ఇంకో పక్క పంటబోదో చెరువో. భయపడిన పిల్ల ఎటు పరుగెడుతుందో తెలీదు. అందుకే పిల్లని చెయ్యి పట్టుకుని రోజూ వెళ్ళే దారిలో నడిపించి చూపించండి. ‘ఇక్కడుంటే కిరాణా కొట్టుకి పరుగెత్తు. లాకుల దగ్గరుంటే ఆ పెంకుటింట్లోకి వెళ్ళిపో, ఆ మామ్మ ఎప్పుడూ అరుగు మీదే ఉంటుంది. ఎప్పుడూ ఇళ్ళ వైపే, రేవు వైపు కాదు.’ బండి మీద మనిషి వెంటపడితే బండి వచ్చిన వైపుకి తిరిగి పరుగెత్తాలి. గట్టు సన్నం కాబట్టి అతను బండి తిప్పుకునేలోపు పిల్ల ఓ ఇంటి గుమ్మం చేరుతుంది. ఆ కొట్టాయనకీ, ఆ మామ్మకీ కూడా చెప్పి ఉంచండి, పిల్ల పరుగెత్తుకొస్తే లోపలికి తీసుకుని మీకు ఫోన్ చెయ్యమని.

కొబ్బరి దింపు రోజునా, చెరువులో చేపలు పట్టే రోజునా దొడ్డి నిండా జనం, లారీలు, వ్యాన్లు. మన ధ్యాసంతా కాయల లెక్క మీదా కాటా మీదా ఉంటుంది. ఆ రోజులకి పిల్లని చూసుకోవడానికి ఒక మనిషిని పేరు పెట్టి అప్పజెప్పండి. ‘అందరం ఉన్నాం కదా’ అనుకున్న చోటే పిల్ల మీద ఎవరి కన్నూ ఉండదు.

తీర్థాల సంగతి. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, శనివారాలు వాడపల్లి వెంకన్న గుడి, నర్సాపురం రేవులో గోదావరి దాటే పంటు ఎక్కే తొక్కిసలాట, అన్నీ మనకి తెలిసినవే. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 పుష్కరాల మొదటి రోజున రాజమండ్రిలో జరిగిన తొక్కిసలాట ఎవరం మర్చిపోలేం. ఇలాంటి చోటికి బయల్దేరే ముందు, ఆ రోజు వేసిన బట్టలతో పిల్లని నిలువునా ఒక ఫొటో తియ్యండి. తప్పిపోయాక ‘ఏ రంగు చొక్కా’ అంటే కంగారులో ఎవరికీ గుర్తురాదు. ఫోన్ నంబరు చేతి మీద బాల్‌పెన్నుతో, చొక్కా చెయ్యి కిందికి దాగేలా రాయండి. అది చెమటకి చెరిగిపోతుంది, కాబట్టి చీటీ రాసి జేబులో కూడా పెట్టండి. పేరు మాత్రం పైకి కనపడేలా ఎక్కడా రాయకండి. పేరు పెట్టి పిలిస్తే పిల్లలు తెలిసినవాళ్ళే అనుకుంటారు.

తప్పిపోయానని తెలిసిన పిల్ల వెతుక్కుంటూ తిరగకూడదు. ఉన్నచోటే నిలబడి అమ్మమ్మని పేరు పెట్టి అరవాలి, ‘అమ్మమ్మా’ అని కాదు. ఆ జనంలో అమ్మమ్మలు వందలమంది. తర్వాత పోలీసునో, మైకు దగ్గరున్నవాళ్ళనో, కొట్టులో కూర్చున్నవాళ్ళనో, చిన్నపిల్లల్ని ఎత్తుకున్న ఆడమనిషినో సాయం అడగాలి. ఎవరిని అడగాలో పిల్లే ఎంచుకోవడం మంచిది. తనంతట తాను వచ్చి ‘నేను తీసుకెళ్తా’ అనే మనిషి కంటే, పిల్ల వెళ్ళి అడిగిన మనిషి నమ్మదగినవాడయ్యే అవకాశం ఎక్కువ.

పేర్లూ నంబరూ గురించి. మీ అమ్మ పేరేంటంటే ‘అమ్మ’ అనే చెబుతారు మా చిన్నపిల్లలు. తన పూర్తి పేరు, అమ్మానాన్నల పేర్లు, ఇంటిపేరు, ఊరు, మండలం మూడున్నరేళ్ళకి మొదలుపెట్టొచ్చు. ఫోన్ నంబరు నాలుగైదేళ్ళకి వస్తుంది. పది అంకెల్ని మూడు ముక్కలు చేసి చెమ్మచెక్క ఆడుతూ చెప్పించండి. ఏ నంబరు నేర్పుతున్నారో చూసుకోండి. కొందరు పిల్లలు తల్లి కువైట్ నంబరు అప్పజెబుతారు. తీర్థంలో దొరికిన పిల్ల దగ్గరికి పది నిమిషాల్లో రాగలిగే మనిషి నంబరు కావాలి, అదీ ఎప్పుడూ ఛార్జింగ్ ఉండే ఫోన్‌ది.

ఇక ఒంటి మీద చేతులు వెయ్యడం గురించి. దీన్ని ఆడవాళ్ళు ఎక్కువమంది దాటవేస్తారు, నేను దాటవెయ్యను. స్నానం చేయించేటప్పుడే చెప్పండి. చడ్డీ కింద ఉండేవి, ఆడపిల్లకైతే గుండె మీద కూడా, అవి తనవి. శుభ్రం చెయ్యడానికి అమ్మమ్మ, దెబ్బ తగిలితే అమ్మమ్మ పక్కనుండగా డాక్టరు, అంతే. ఎవరూ ముట్టుకోకూడదు, చూపించమనకూడదు, వాళ్ళవి చూపించకూడదు, ఫొటో తియ్యకూడదు. ఆ భాగాలకి మీ ఇంట్లో ఏ పేర్లున్నాయో ఆ పేర్లే చెప్పండి, కానీ సిగ్గు లేకుండా చెప్పండి. పేరే పలకకూడదని నేర్చుకున్న పిల్ల జరిగింది ఎలా చెబుతుంది? మగపిల్లలకీ ఇదంతా చెప్పాలి. వాళ్ళకేం అవుతుందిలే అనుకోవద్దు, వాళ్ళకీ జరుగుతుంది. చట్టం కూడా ఇద్దరికీ ఒక్కటే.

ఊరి నుంచి చుట్టాలొచ్చినప్పుడు ‘తాతకి ముద్దు పెట్టు, పెట్టకపోతే తాత ఏడుస్తాడు’ అని బలవంతం చెయ్యకండి. దణ్ణం పెడితే మర్యాదకి సరిపోతుంది. పెద్దవాళ్ళు అడిగితే ఇష్టం లేకున్నా ఒళ్ళో కూర్చోవాలని నేర్పినది మనమైతే, రేపు ఇంకెవరో లాక్కుంటే వద్దనే నోరు పిల్లకి ఎక్కడిది? అలాగే ‘అమ్మమ్మకి చెప్పకు’ అని ఎవరు ఏ విషయంలో చెప్పినా, అది ముందు అమ్మమ్మకే చెప్పాలి. ఐస్‌క్రీం కొనిపెట్టి ‘చెప్పకు’ అన్నా సరే. మీరూ పిల్లతో ‘తాతయ్యకి చెప్పకు’ ఆటలు ఆడకండి.

పిల్ల ఏదైనా చెబితే మీ మొహం మారకూడదు. ఇది కష్టం, నాకు తెలుసు. అయినా గుండె రాయి చేసుకుని వినండి. ‘నువ్వెందుకెళ్ళావు’ అనొద్దు, కొట్టొద్దు, పదిసార్లు తిరగేసి అడగొద్దు. ‘చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పేం లేదు’ అనండి. పిల్ల బట్టలు ఉతక్కండి, స్నానం చేయించకండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. 1098కి ఫోన్ చెయ్యండి. అది పిల్లల కోసమే ఉన్న నంబరు, ఉచితం, రాత్రైనా పలుకుతారు. 112కైనా చెయ్యొచ్చు. పిల్లలపై లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. పిల్లని స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయపడకండి. వాంగ్మూలం పిల్ల ఇంటి దగ్గరే, వీలైనంత వరకు మహిళా అధికారి చేత, యూనిఫాం లేకుండా తీసుకోవాలని అదే చట్టంలో ఉంది. పిల్ల పేరు, ఫొటో పత్రికల్లో రాకూడదనీ ఉంది. ఊరి పెద్దలు కూర్చుని ‘పరువు పోతుంది, సర్దుకోండి’ అంటారు. ఆ రాజీకి కూర్చోవద్దు. డబ్బిచ్చి బయటపడ్డవాడు ఇంకో ఇంటి పిల్ల దగ్గరికి వెళతాడు.

పిల్ల కనపడకపోతే ఏం చెయ్యాలో ఇప్పుడే ఇంట్లో అనుకుని ఉంచుకోండి. మన ఊళ్ళల్లో ముందు నీళ్ళు చూడాలి. ఎత్తుకుపోయారేమోనని బస్టాండుకి పరుగెత్తే ముందు ఒకరు రేవుకి, ఒకరు చెరువుకి, ఒకరు దొడ్లో నూతి దగ్గరికి వెళ్ళాలి. అదే నిమిషంలో ఇంకొకరు 112కి ఫోన్ చెయ్యాలి. ఇరవై నాలుగ్గంటలు ఆగాలన్న రూలు ఎక్కడా లేదు. పిల్లలు తప్పిపోయిన ఫిర్యాదు వస్తే కేసు కట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. మా స్టేషన్ పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా రాసే కేసు, రాయమని అడగండి. పిల్ల ఈమధ్య ఫొటో పోలీసులకి పంపండి. వాట్సాప్ గ్రూపుల్లో పెడితే, దొరికాక ‘దొరికింది’ అని అన్ని గ్రూపుల్లోనూ పెట్టి పాతవి తీసేయించండి.

ఈ ఆటలు ఒకసారి ఆడించి వదిలేస్తే నెలలోపే మర్చిపోతారు. సంక్రాంతి ముందు, వేసవి సెలవులు ఇచ్చే ముందు, ఊరికి కొత్తగా పనివాళ్ళు వచ్చినప్పుడు, తల్లి సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళిన వారంలో మళ్ళీ ఆడించండి. ఆ ఆఖరిది ముఖ్యం. ఆ వారంలో పిల్లలు అమ్మ పేరు ఎవరెత్తినా వెంట వెళ్ళిపోతారు.